తిరిగొచ్చే చెయ్యి

మా బాక్సింగ్ హాల్లో ఒక అలవాటు ఉంది. పైకొస్తున్న పిల్లల్లో ఎవరి జాబ్‌నైనా, అంటే ముందు చేత్తో తిన్నగా వేసే దెబ్బని, నలుగురూ మెచ్చుకోవడం మొదలుపెట్టగానే, ఎడమ గ్లోవ్ మీద, బొటనవేలి పక్కన, సుద్దపొడి పూస్తాను. మూడు రౌండ్లు గాలిలోకి గుద్దే షాడో, తర్వాత మూడు రౌండ్లు నేను పట్టుకునే ప్యాడ్లు. ఆఖరి గంట కొట్టాక ట్యూబ్‌లైటు కిందకి పిలిచి చూస్తాను. దవడ మీద తెల్లటి మరక కనిపిస్తే చెయ్యి సరిగ్గా ఇల్లు చేరుతోందని లెక్క. భుజం మీద ఉంటే కాస్త పని ఉంది. బనీను మీద, రొమ్ము ఎముక దగ్గర ఉంటే మాత్రం ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టదు.

బాక్సింగ్ చూసేవాళ్ళ కళ్ళు వెళ్ళే చెయ్యి వెంట వెళ్తాయి. దెబ్బ తగిలిందా లేదా అన్నదే వాళ్ళ ధ్యాస. పిల్లల్ని తూకం వెయ్యాల్సిన మాలాంటివాళ్ళ కళ్ళు తిరిగొచ్చే చెయ్యి మీద ఉండాలి. ఇది నా సొంత తెలివి కాదు. దీని వెనక తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర నాకు తెలిసింది కూడా నా గడ్డం మీద పడ్డ ఒక దెబ్బ పుణ్యమే.

1984లో నేను 54 కిలోల విభాగంలో ఆడేవాణ్ణి. విశాఖపట్నంలో నా జాబ్‌కి మంచి పేరుండేది. నా కంటే రెండంగుళాలు పొడుగున్నవాడిని కూడా దాంతోనే దూరంగా నిలబెట్టేవాణ్ణి. ఆ ఏడు అంతర్ జిల్లా పోటీల్లో, రెండో రౌండ్లో, ఎదుటి కుర్రాడు నా జాబ్ మీదుగా కుడి చెయ్యి విసిరాడు. ఆ దెబ్బ వస్తున్నట్టు కూడా నాకు కనపడలేదు. లేచి నిలబడ్డాను గానీ రిఫరీ నా కళ్ళలోకి చూసి ఆపేశారు. మా మాస్టారు భుజం తట్టి, "ఒరేయ్, తగలాల్సిన దెబ్బ కాదురా, తగిలింది" అన్నారు. నేనూ దురదృష్టమనే అనుకున్నాను. నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను.

1988లో మా వీధిలో ఓడల మీద పనిచేసే ఒకాయన సింగపూర్ నుంచి వీడియో క్యాసెట్ పట్టుకొచ్చాడు. పాత హెవీవెయిట్ పోటీలు, అన్నీ నలుపు తెలుపు. వీసీఆర్ అద్దెకి తెచ్చి, ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చూశాం. అందులో జో లూయిస్ అనే నల్లజాతి కుర్రాడు జాబ్ వేస్తున్నాడు. అంత అందమైన జాబ్ నేనెన్నడూ చూడలేదు. వేసిన ప్రతిసారీ అతని చెయ్యి గడ్డం దగ్గరికి రాకుండా, ఒక అర క్షణం, నడుము వైపు దిగి పైకొస్తోంది. ఎదురుగా ఉన్న తెల్లవాడు ఆ అర క్షణంలో కుడి చెయ్యి వేశాడు. కుర్రాడు కూలబడ్డాడు. నేను లేచి టీవీ దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఆ తెర మీద పడిపోయింది జో లూయిస్ కాదు, నేనే అనిపించింది. వెనక్కి తిప్పి పదిసార్లు చూశాను. అద్దెకిచ్చినాయన టేపు అరిగిపోతుందని గోల పెట్టాడు.

ఆ పోటీ కథ చెప్పకుండా మా పని గురించి చెప్పలేను.

జో లూయిస్ 1914లో అలబామాలో, పత్తి చేల మధ్య పుట్టాడు. 1926లో కుటుంబం డెట్రాయిట్ చేరింది. వయొలిన్ పాఠాలకని తల్లి ఇచ్చిన డబ్బులు బ్రూస్టర్ రిక్రియేషన్ సెంటర్లో బాక్సింగ్‌కి ఖర్చుపెట్టాడు. 1934 జులై 4న షికాగోలో ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ, మొదటి రౌండ్లోనే నాకౌట్. మరుసటి ఏడు జూన్‌లో ప్రీమో కార్నెరాని, సెప్టెంబర్‌లో మాక్స్ బేర్‌ని పడగొట్టాడు. ఇద్దరూ మాజీ ప్రపంచ ఛాంపియన్లు, ఇద్దరూ మూడు నెలల వ్యవధిలో. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. పత్రికలవాళ్ళకి పొగడ్తలు చాలలేదు. బలాల జాబితా రాయమంటే ఎవరైనా రాసేవారు: రెండు చేతుల్లోనూ నాకౌట్ చేసే సత్తా, ఆరంగుళాల దూరం నుంచి కూడా పడగొట్టే కురచ దెబ్బలు, తొణకని మొహం, తడబడని కాళ్ళు. అన్నిటికీ మూలం ఆ జాబ్. దాంతోనే ఎదుటివాడి తల వెనక్కి విరిచి, మిగతా దెబ్బలకి దారి తెరిచేవాడు.

బలహీనత? అడిగినవాళ్ళే లేరు. ఒక్క ఓటమి కూడా లేనివాడిలో బలహీనత వెతకడం ఎవరికి తోస్తుంది?

1935 డిసెంబర్ 13న మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో లూయిస్‌కీ స్పెయిన్ దేశపు పౌలీనో ఉజ్కుదున్‌కీ పోటీ. రింగ్ పక్కన కూర్చున్నవాళ్ళలో జర్మనీ నుంచి వచ్చిన మాక్స్ ష్మెలింగ్ ఉన్నాడు. వయసు 30. 1930లో ఛాంపియన్ అయ్యాడు, 1932లో ఆ పట్టం పోగొట్టుకున్నాడు, 1933లో బేర్ చేతిలో చిత్తుగా ఓడాడు. అతని పని అయిపోయిందనే అందరి లెక్క. కానీ అతనికి ఇంకెవరికీ లేని సౌకర్యం ఒకటుంది. అంతకుముందు ఇదే ఉజ్కుదున్‌తో అతను మూడుసార్లు తలపడ్డాడు. ఉజ్కుదున్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, వంగి, తాబేలులా ముడుచుకుని ఆడతాడు. అలాంటివాణ్ణి తెరవాలంటే జాబ్ తర్వాత జాబ్ వేస్తూ ఉండాలి. లూయిస్ అదే చేశాడు. నాలుగో రౌండ్లో ఒక్క సందు దొరగ్గానే కుడి చెయ్యి దించి ముగించాడు. జనం ఆ కుడి చెయ్యి గురించి మాట్లాడుకుంటూ ఇళ్ళకెళ్ళారు.

ష్మెలింగ్ మాత్రం ఆ మూడు రౌండ్ల జాబ్‌లనే చూశాడు. ఉజ్కుదున్ తిరిగి కొట్టేవాడు కాదు గనక లూయిస్‌కి చెయ్యి పైకి తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. అవసరం లేనిచోట అలవాటు బయటపడుతుంది. ఏదో కనిపించిందని ష్మెలింగ్ పత్రికలవాళ్ళతో అన్నాడు. ఏమిటని అడిగితే చెప్పలేదు. తర్వాత లూయిస్ పోటీల ఫిల్ములు సంపాదించి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. ఈ రోజు ఏ కోచ్ ఫోన్లో చూసినా నెమ్మదిగా తిప్పి, ఆపి, పెద్దది చేసి చూడొచ్చు. 1936లో ఒక బాక్సర్ తెర ముందు కూర్చుని ఇంకొక బాక్సర్ చేతిని అలా చదవడం అరుదైన సంగతి. నా దృష్టిలో మా వృత్తి ఆ చీకటి గదిలోనే పుట్టింది.

ఆ లోపాన్ని చూసినవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు, మాజీ ఛాంపియన్ జాక్ జాన్సన్. లూయిస్ ఎడమ చెయ్యి కిందకి ఉంటుందని, కుడి చేతి దెబ్బకి దొరుకుతాడని బాహాటంగానే చెప్పాడు. కానీ లూయిస్ బృందంతో అతనికి పడదు. పడనివాడి నోట వచ్చిన నిజం ఎవరి చెవికీ ఎక్కదు. నా ముప్పై ఏడేళ్ళ అనుభవంలో నా పిల్లల లోపాలు నాకంటే ముందు ఎదుటి మూల నుంచే వినపడ్డాయి. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు చెవులు రిక్కించి వింటాను.

1936 జూన్ 19, యాంకీ స్టేడియం. దాదాపు 40 వేల మంది. లూయిస్ శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ గొప్ప గురువు. పాతకాలపు లైట్‌వెయిట్, నిలబడే తీరు దగ్గర్నుంచి అన్నీ లూయిస్‌కి చేతిలో పెట్టి నేర్పినవాడు. కానీ ఆ శిక్షణ కాలంలో కుర్రాడి మనసు కొత్తగా నేర్చిన గోల్ఫ్ మీద ఉంది. పోటీ మొదలైంది. మొదటి మూడు రౌండ్లూ లూయిస్ జాబ్ ష్మెలింగ్ మొహం మీద ఆడుకుంది. కన్ను వాచింది. ష్మెలింగ్ భరించాడు. ఇక్కడే నేను ఆ టేపు ఆపి పిల్లలకి చూపిస్తాను. అతని కుడి చెయ్యి చూడండి: గడ్డం పక్కనే, బిగించి, ఎక్కడికీ పోకుండా ఉంది. దెబ్బ తింటూ, తిన్న ప్రతి దెబ్బ తర్వాతా లూయిస్ ఎడమ చెయ్యి ఎంత కిందకి దిగుతోందో కొలుచుకుంటున్నాడు. నాలుగో రౌండ్లో కొలత సరిపోయింది. కుడి చెయ్యి జాబ్ మీదుగా వచ్చి దవడకి తగిలింది. ప్రొఫెషనల్ అయ్యాక లూయిస్ నేలని తాకడం అదే మొదటిసారి. అక్కడి నుంచి ఎనిమిది రౌండ్లు అదే దెబ్బ, అదే దారిలో. పన్నెండో రౌండ్లో రిఫరీ ఆర్థర్ డొనొవన్ పది లెక్కపెట్టాడు.

ఆ పోటీలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మధ్య రౌండ్ల సంగతి. ఎక్కడ దెబ్బ తగులుతోందో లూయిస్‌కి తెలుసు. మూలలో బ్లాక్‌బర్న్‌కీ తెలుసు. అయినా చెయ్యి దిగుతూనే ఉంది. కొన్ని వేలసార్లు చేసిన కదలిక నిమిషం విరామంలో మారదు. అందుకే మూలలో నిలబడి "గార్డ్, గార్డ్" అని అరవడం నేనెప్పుడో మానేశాను. రింగ్‌లో కనపడిన లోపం ఆరు నెలల కిందట హాల్లో చూడకుండా వదిలేసిన లోపం.

ష్మెలింగ్‌తో రెండో పోటీ అందరికీ తెలిసిందే. 1938 జూన్ 22న, హిట్లర్ జర్మనీకీ అమెరికాకీ మధ్య యుద్ధంలా ప్రపంచమంతా చూసిన పోటీ, 124 సెకన్లలో ముగిసింది. అప్పటికి లూయిస్ ఛాంపియన్. కొలుచుకునే వ్యవధి ష్మెలింగ్‌కి దొరకనే లేదు. దీన్ని చాలామంది లోపం సరిదిద్దుకోవడం అంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. 1947 డిసెంబర్‌లో, కాళ్ళలో వేగం తగ్గాక, జెర్సీ జో వాల్కాట్ కుడి చెయ్యి లూయిస్‌ని రెండుసార్లు కింద కూర్చోబెట్టింది. ష్మెలింగ్ రాసిన పద్దు పదకొండేళ్ళ తర్వాత కూడా కొట్టివెయ్యలేదు.

పద్దు అన్నానుగా. మా నాన్న పూర్ణామార్కెట్లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఎర్ర గుడ్డ అట్ట వేసిన చిట్టా పుస్తకాల మధ్య నా చిన్నతనం గడిచింది. నేను పిల్లలకి నేర్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన అలాంటి పుస్తకమే ఒకటి ఇచ్చి, "ఎవరి ఖాతా వాళ్ళకి తెరువు" అన్నారు. ఒక్కొక్కరికీ ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. ఇప్పుడు అలాంటి పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి. వాటిని తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. జమ కిందా ఖర్చు కిందా రాసిన మాటలు వేరు గానీ, అవి చెప్పేది ఒకే కదలిక గురించి. జాబ్ బాగా పడేవాడి ఖర్చు ఆ జాబ్‌లోనే ఉంటుంది. ముందుకు దూసుకొచ్చేవాడి ఖర్చు ఆ దూకుడులోనే ఉంటుంది. బలం ఒకచోట, బలహీనత ఇంకొకచోట వెతికేవాడికి రెండూ సరిగ్గా కనపడవు.

ఇది నాకంటే ఎన్నో ఏళ్ళ ముందే తెలిసినవాడు ఎడ్డీ ఫచ్. 1911లో మిసిసిపీలో పుట్టి డెట్రాయిట్లో పెరిగాడు. లూయిస్ ఆడిన ఆ బ్రూస్టర్ సెంటర్లోనే ఇతనూ ఆడాడు. లైట్‌వెయిట్ అయినా వేగం ఉన్నవాడని లూయిస్ అతనితో స్పారింగ్ చేసేవాడు. గుండెలో లోపం ఉందని డాక్టర్లు చెప్పడంతో ప్రొఫెషనల్ కాలేకపోయాడు. కొట్టడానికి వీల్లేనివాడికి చూడటమే బతుకైంది. జో లూయిస్ చేతుల ముందు నిలబడి చూడటం నేర్చుకున్నవాడు ఆ తర్వాత యాభై ఏళ్ళకి పైగా ఎవరెవరిని చూసి ఉంటాడో ఊహించండి.

అతను చదివిన చేతుల్లో కాషియస్ క్లే చేతులు కూడా ఉన్నాయి.

పైకొస్తున్న బాక్సర్‌ని అంచనా వెయ్యడంలో క్లే అందరికీ పరీక్ష పెట్టాడు. 1942లో లూయీవిల్లో పుట్టాడు, 12 ఏళ్ళప్పుడు సైకిలు పోయిందని ఏడుస్తూ వెళ్తే ఒక పోలీసాయన బాక్సింగ్‌లో పెట్టాడు, 18 ఏళ్ళకి రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం. పుస్తకం ప్రకారం చూస్తే అన్నీ తప్పులే. చేతులు నడుము దగ్గర. దెబ్బ వస్తే పక్కకి తప్పుకోడు, వంగడు, తల తిన్నగా వెనక్కి లాగేస్తాడు. పొట్ట మీద కొట్టడు. దగ్గరికొచ్చినవాణ్ణి మెడ పట్టుకుని ఆపేస్తాడు. నా శిష్యుడెవరైనా ఇలా ఆడితే రెండో రోజే గేటు బయట నిలబెట్టేవాణ్ణి. 1962 ఫిబ్రవరిలో సోనీ బాంక్స్ మొదటి రౌండ్లోనే ఎడమ హుక్‌తో, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే దెబ్బతో, అతన్ని పడేశాడు. 1963 జూన్‌లో లండన్లో హెన్రీ కూపర్ అదే ఎడమ హుక్‌తో నాలుగో రౌండ్ చివర పడేశాడు. గంట మోగి బతికిపోయాడు. రెండు పోటీలూ క్లేనే గెలిచాడు గానీ, చూసేవాళ్ళ పుస్తకాల్లో ఖర్చు రాసుకోవడం అయిపోయింది. 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌తో తలపడేటప్పుడు 46 మంది బాక్సింగ్ రచయితల్లో 43 మంది లిస్టనే గెలుస్తాడన్నారు. ఏడో రౌండ్ గంటకి లిస్టన్ స్టూల్ మీద నుంచి లేవలేదు.

ఆ 43 మందీ మూర్ఖులని తర్వాత చాలామంది రాశారు. నాకు అలా అనిపించదు. వాళ్ళు చూసిన లోపం ఉన్నదే. చెయ్యి కిందనే ఉంది, తల వెనక్కే వెళ్తోంది. వాళ్ళు చూడనిది కాళ్ళు. ఆ కాళ్ళు ప్రతి రౌండ్లోనూ ఆ అప్పు తీరుస్తున్నాయి. రోజువారీ వడ్డీ కడుతున్నంతకాలం అసలు ఎంతుందో ఎవరూ అడగరు. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు అతన్ని రింగ్ నుంచి వెలివేశారు. అప్పటికే ముహమ్మద్ అలీగా పేరు మార్చుకున్న అతను మూడున్నరేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు చేతులు అవే, కాళ్ళు మాత్రం అవి కావు.

అప్పుడు ఫచ్ వచ్చాడు. జో ఫ్రేజియర్‌కి ప్రధాన శిక్షకుడు యాంక్ డర్హామ్, పక్కన ఫచ్. అలీ చేతులు కిందకి ఉంటాయని లోకమంతటికీ తెలుసు. అది తెలిసి లాభం లేదు, ఎప్పుడూ ఉండే సందులో ఎప్పుడు దూరాలో తెలియాలి. ఫచ్ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. అలీ కుడి అప్పర్‌కట్, అంటే కింద నుంచి పైకి లేచే దెబ్బ, వేసేటప్పుడు మోకాళ్ళు వంచడు, తిన్నగా నిలబడి చెయ్యి కిందకి దించి వేస్తాడు. ఆ చెయ్యి దిగడం మొదలవ్వగానే నీ ఎడమ హుక్ వదులు, అప్పర్‌కట్ కోసం ఆగకు, ఇదీ ఫ్రేజియర్‌కి అతను నూరిపోసిన పాఠం. 1971 మార్చి 8, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పదకొండో రౌండ్లో ఆ హుక్ అలీ మోకాళ్ళు వణికించింది. పదిహేనో రౌండ్లో అలీ కుడి చెయ్యి దిగింది, హుక్ వచ్చింది, అలీ వెల్లకిలా పడ్డాడు. బాంక్స్ హుక్, కూపర్ హుక్, ఫ్రేజియర్ హుక్, తొమ్మిదేళ్ళ వ్యవధిలో మూడూ ఒకే దవడ వైపు. మొదటి రెండూ దొరికాయి. మూడోది వెతికి పట్టుకున్నది. తేడా అదే.

రెండేళ్ళకి కెన్ నార్టన్‌కి ఫచ్ ఇంకో తాళంచెవి ఇచ్చాడు. అలీ జాబ్ వేసే క్షణంలోనే నువ్వూ జాబ్ వెయ్యి, ఆ క్షణంలో అతని కుడి చెయ్యి ఉండాల్సినచోట ఉండదు. 1973 మార్చి 31న శాన్ డియేగోలో నార్టన్ గెలిచాడు, అలీ దవడ విరిగింది. ఒకే మనిషిలో రెండు సందులు, రెండూ అతను గర్వంగా చూపించుకునే దెబ్బల వెనకనే.

ఫచ్ గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1975 అక్టోబర్ 1న మనీలాలో, పదిహేనో రౌండుకి ముందు, కళ్ళు కనపడని ఫ్రేజియర్‌ని స్టూల్ మీద నుంచి లేవనివ్వకుండా పోటీ ఆపేసింది ఇతనే. ఎదుటివాడి లోపం చదివిన కళ్ళతోనే తన మనిషి స్థితినీ చదివాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి రెండోది ఎక్కువ కష్టం.

మా తరం కోచ్‌లకి మధ్యలో ఒక గ్రహణం పట్టింది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో, స్పష్టంగా గెలవాల్సిన రాయ్ జోన్స్‌ని జడ్జీలు ఓడించిన అన్యాయం తర్వాత, 1992 బార్సిలోనా నుంచి ఒలింపిక్స్‌లో కంప్యూటర్ మీటలతో పాయింట్లు ఇచ్చారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒకే సెకనులో మీట నొక్కితే ఒక పాయింటు. దెబ్బలో బలం ఉందా లేదా అన్నది పట్టదు, గ్లోవ్ తగిలితే చాలు. దాంతో దూరంగా నిలబడి తాకి పారిపోయే జాబ్‌కి విలువ పెరిగిపోయింది. తిరిగొచ్చే చెయ్యి ఎక్కడికొచ్చినా అడిగేవాడు లేడు, ఎందుకంటే ఎదుటివాడు కూడా తాకడానికే చూస్తున్నాడు. 2013లో, రౌండ్ గెలిచినవారికి పది ఇచ్చే పది పాయింట్ల పద్ధతి వచ్చాక, ఆ చిట్టాల్లో నేను జమ వైపు రాసినవి కొన్ని రాత్రికి రాత్రి ఖర్చు వైపు చేరాయి. పిల్లలు మారలేదు, నిబంధన మారింది. ఎవరినైనా బలవంతులు, బలహీనులు అని రాసేటప్పుడు ఏ తక్కెడలో అన్నది కూడా రాయాలని అప్పుడు నేర్చుకున్నాను. అప్పటి నుంచి ప్రతి పేజీ పైన తేదీతో పాటు నిబంధన కూడా రాస్తున్నాను.

తెలుగువాళ్ళ బాక్సింగ్ మాటొస్తే ఇప్పుడు అందరి నోటా నిఖత్ జరీన్ పేరే. నేను ఆమెకి నేర్పినవాణ్ణి కాను. నిజామాబాద్‌లో మొదలుపెట్టి, 2009లో మా విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వచ్చి, ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావుగారి దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచినప్పుడు ఆమె పేరున ఒక పేజీ తెరిచాను, శిష్యురాలు కాకపోయినా. ఆ పేజీలో జమ: దూరాన్ని ఉంచుకోవడం, ఒకటి రెండు కలిపి వేసే చేతుల వేగం. ఖర్చు: ఆ దూరాన్ని ఎవరైనా చెరిపేసి మీదకొస్తే ఏం చేస్తుంది, అని ఒక ప్రశ్న మాత్రం రాశాను.

2017లో భుజం గాయం ఆమెని చాలాకాలం కూర్చోబెట్టింది. 2019 డిసెంబర్‌లో మేరీ కోమ్‌తో జరిగిన ట్రయల్‌లో 9-1తో ఓడింది. నా ప్రశ్నకి అప్పటికి జవాబు రాలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఫోన్లో చూశాను. థాయ్‌లాండ్ అమ్మాయి జుతామస్ రెండో రౌండ్లో మీదకొచ్చింది, ఆ రౌండ్ జడ్జీల్లో ఎక్కువమంది ఆమెకే ఇచ్చారు. నా ప్రశ్న అదే కదా, ఊపిరి బిగబట్టాను. మూడో రౌండ్లో నిఖత్ వెనక్కి పోలేదు. దూరం తగ్గినచోటే నిలబడి తిన్నటి దెబ్బలు వేసింది, వేసిన చెయ్యి వేసినట్టే గడ్డం దగ్గరికి తెచ్చుకుంది. ఐదుగురు జడ్జీలూ ఆమె వైపే. పదకొండేళ్ళ కిందటి ప్రశ్న ఎదురుగా ఆ రాత్రి టిక్కు పెట్టాను.

2023లో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ స్వర్ణం, 50 కిలోల్లో. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలోనే చైనాకి చెందిన వూ యూ ఎదురైంది. నిఖత్‌కి సీడింగ్ లేకపోవడంతో అంత ముందే తలపడాల్సి వచ్చింది. 0-5. అదే వూ యూ చివరికి స్వర్ణం పట్టుకుపోయింది. మన దగ్గర కొందరు నిఖత్ పని అయిపోయిందన్నారు. నా మనసు కలుక్కుమంది. వూ యూ ఎదురుగా నిలబడితే ఆ రోజు ఆ బరువులో ఎవరి జమా సరిపోలేదు. ఒకరి లోపం ఎంత పెద్దదన్నది దాన్ని వాడుకోగల మనిషి ఎదురుగా ఉన్నాడా లేడా అన్నదాని మీద ఉంటుంది. ష్మెలింగ్ రాకముందు లూయిస్‌తో ఆడినవాళ్ళందరి ముందూ ఆ చెయ్యి దిగుతూనే ఉంది, ఒక్కడూ వాడుకోలేకపోయాడు.

ఇప్పుడు నా దగ్గర ఒక పదిహేనేళ్ళ పిల్ల ఉంది. తండ్రి హార్బర్ నుంచి బోటు మీద వేటకి వెళ్తాడు. తల్లి చేపలమ్ముతుంది. పొద్దున్నే తల్లికి గంపలు మోసి ఐదున్నరకి హాలుకొస్తుంది కాబట్టి భుజాలు ఇనుములా ఉంటాయి. రెండు నెలలుగా ఆమె జాబ్ గురించి అందరూ మాట్లాడుతున్నారు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక కోచ్ అయితే, వచ్చే ఏడు ఈ పిల్ల ఎవరికీ దొరకదన్నాడు. ఆ మాట విన్న సాయంత్రమే సుద్దపొడి తీశాను.

మొదటి మూడు రౌండ్లు షాడో. దవడ మీద తెల్లటి గీత, ముగ్గు వేసినట్టు ఒకే చోట. ప్యాడ్ల మీద మొదటి రౌండ్, అదే గీత. రెండో రౌండ్, ఇంకా చిక్కగా. మూడో రౌండ్లో నేను కావాలని ప్యాడ్ తిరిగి కొట్టడం మానేశాను, ఉజ్కుదున్‌లా ముడుచుకుని నిలబడ్డాను. పిల్లకి ఉత్సాహం వచ్చింది. జాబ్ మీద జాబ్. ప్రతి దెబ్బకీ హాలంతా మోగింది. గంట కొట్టింది.

"ఏటి మాస్టారూ, బాగా పడ్డాయి కదా?" అంది ఒగరుస్తూ.

"పడ్డాయమ్మా. ఇలా లైటు కిందకి రా."

దవడ మీది మరక చెమటకి కరిగి మెడ మీదకి జారుతోంది. కొత్తగా పడిందేమీ లేదు. నీలం బనీను మీద, రొమ్ము ఎముకకి ఎడమ పక్కన, అరచెయ్యంత తెలుపు.

పిల్ల తల వంచి తన బనీను చూసుకుంది. చాలాసేపు చూసింది. ఏం అడగలేదు. గ్లోవ్ తియ్యబోతున్న చెయ్యి ఆపి, మళ్ళీ స్టాన్స్‌లోకి వచ్చి, గాలిలోకి నెమ్మదిగా ఒక జాబ్ వేసింది. ఆ చెయ్యి ఎలా తిరిగొస్తోందో తనే చూసుకుంటూ, అంగుళం అంగుళం, దవడ దాకా తెచ్చుకుంది.

నేను పుస్తకం తెరిచి ఆమె పేజీలో జమ వైపు ఒక ముక్క రాసి, సుద్దపొడి డబ్బా మళ్ళీ తీశాను.